బాగుచేయించిన పాత ఫోటోలో ఏం మారిందో, రెండు వీడియో కాపీల్లో ఏది మంచిదో తేల్చుకోవడం ఎలా?

మీరు అడిగింది రెండు విషయాలు. తాతగారి పాత ఫోటోని శ్రీకాకుళంలో ఒక షాపులో బాగు చేయించారు, ముఖం తేడాగా ఉంది కానీ ఏం మారిందో చెప్పలేకపోతున్నారు. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ని రెండు చోట్ల కంప్యూటర్‌లోకి ఎక్కించారు, ఏది దాచుకోవాలో తెలియడం లేదు. పక్కపక్కన పెట్టి ఎంత చూసినా అంతు చిక్కలేదన్నారు.

పక్కపక్కన పెడితే చిక్కదండి. చూపు ఒక బొమ్మ మీంచి రెండో బొమ్మ మీదికి వెళ్లేలోపే చిన్న తేడా జారిపోతుంది. అదే చోట, అదే సైజులో ఒకటి తీసి ఇంకొకటి పెడితే మారిన భాగం ఒక్కటే కదిలినట్టు కనిపిస్తుంది. 1930లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త క్లైడ్ టాంబా ప్లూటోని పట్టుకున్నది ఇలాగే. ఆరు రోజుల తేడాతో తీసిన రెండు ఆకాశం ఫోటోలని బ్లింక్ కంపేరేటర్ అనే యంత్రంలో మార్చి మార్చి చూస్తుంటే, చుక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటి మాత్రం అటూ ఇటూ గెంతింది.

నేను విజయనగరంలో స్టూడియో పనిలో ఉన్నాను. పాత ఫోటోలు, క్యాసెట్లే ఎక్కువగా చూస్తాను. మేము చేసే పద్ధతి చెప్తాను.

ఫోటోకి గింప్ అనే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ చాలు, ఉచితంగా దొరుకుతుంది. ముందు అసలు ఫోటోని స్కానర్‌లో స్కాన్ చేయించండి. ఫోన్‌తో తీస్తే అంచులు వంగుతాయి, తర్వాత ఎంత జరిపినా కుదరదు. ఆ స్కాన్‌ని గింప్‌లో తెరిచి, బాగుచేసిన ఫోటోని ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్ ద్వారా దాని మీదికి ఇంకో లేయర్‌గా, అంటే పైపొరగా, తెచ్చుకోండి. పై లేయర్ ఒపాసిటీని, అంటే అది ఎంత నిండుగా కనిపించాలో ఆ అంకెని, సగానికి తగ్గిస్తే కిందది కనిపిస్తుంది. ఇప్పుడు రెండూ కలిసేలా జరపాలి, అవసరమైతే సైజు మార్చాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను: ముఖాన్ని చూసి కలపకండి. మారిందని మీ అనుమానం ముఖం మీదే కదా! కుర్చీ కోడు, వెనక పరదా మీద గీసిన మెట్లు, పంచె అంచు, ఇలా ఒకదానికొకటి దూరంగా ఉన్న వాటితో కలపండి. రంగులు వేయించి ఉంటే రెండింటినీ ముందు బ్లాక్ అండ్ వైట్ చేసుకోండి.

కలిశాక ఒపాసిటీ మళ్లీ నూరుకి పెట్టి, పై లేయర్ పక్కనున్న కన్ను గుర్తుని నొక్కుతూ వదులుతూ ఉండండి. చాలా సందేహాలు ఇక్కడే తీరిపోతాయి. ఇంకా లోతుగా కావాలంటే లేయర్ మోడ్‌ని నార్మల్ నుంచి డిఫరెన్స్‌కి మార్చండి. అది ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మని తీసేస్తుంది. ఒకేలా ఉన్న చోటు నల్లగా, మారిన చోటు వెలుగుగా వస్తుంది. అంతా నల్లగానే కనిపిస్తే తేడా లేదని అనుకోవద్దు, తేడా చిన్నది కావచ్చు. న్యూ ఫ్రమ్ విజిబుల్‌తో, కనిపిస్తున్నదంతా ఒకే కొత్త లేయర్‌గా తీసుకుని లెవెల్స్‌లో వెలుగు పెంచి చూడండి.

ఆ నల్ల బొమ్మని చదవడం కూడా తెలియాలి. ప్రతి అంచు వెంబడీ సన్నని తెల్ల గీత వస్తే చాలాసార్లు అది ఫోటోలో మార్పు కాదు, మీరు సరిగ్గా కలపలేదని. బొమ్మంతా ఒకే రకంగా పొగ కమ్మినట్టుంటే వెలుగూ కాంట్రాస్టూ మార్చారు, అంతే. చిన్న చిన్న గళ్లుగా ఉంటే జేపెగ్ కంప్రెషన్, అంటే ఫైలు సైజు తగ్గించడానికి కుదించినప్పుడు పడే గుర్తులు. ఒకచోట మాత్రం ముద్దగా వెలిగితే అక్కడ చెయ్యి పడినట్టు. అది గోడ మీద మరకయితే సంతోషం. కళ్ల దగ్గర, పెదవి చివర, చెంపల మీద అయితే ఆగి చూడాలి.

ఇది ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, మన వైపు పాత ఫోటోల్లో స్ఫోటకం మచ్చలున్న ముఖాలు, చేతుల మీద పచ్చబొట్లు ఉన్న అమ్మమ్మలు ఎంతోమంది ఉన్నారు. ముఖాన్ని దానంతటదే బాగుచేసే ఏఐ యాప్‌లకి మచ్చకీ దుమ్ముకీ తేడా తెలియదు. మచ్చ తీసేసి, మసకగా ఉన్న కంటి స్థానంలో ఊహించిన కన్ను పెడతాయి. చూడటానికి స్పష్టంగా ఉంటుంది, మనిషి మాత్రం మారిపోతాడు. ఒక ఇంట్లో ముసలావిడ కొత్త ఫ్రేమ్ చూసి “ఈయనెవరు బాబూ?” అని అడిగారు. గీతలు, మరకలు తీయడం మరమ్మతు. ముఖం కొత్తగా గీయడం మరమ్మతు కాదు.

ఇక క్యాసెట్ సంగతి. దీనికి వీడియో కంపేర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. రెండు వీడియోల్నీ ఒకే కిటికీలో ఒకదానిపై ఒకటి పెడుతుంది, మౌస్ జరిపితే మధ్య గీత జరిగి ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఇంకొకటి కనిపిస్తాయి. తీసివేత మోడ్ కూడా ఉంది. మీ ఊళ్లో పెళ్లి మిక్సింగ్ చేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే, ప్రీమియర్, దావించి రిజాల్వ్ లాంటి వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో రెండు వీడియోల్నీ ఒకదానిపై ఒకటి పెట్టి పై ట్రాక్‌కి డిఫరెన్స్ మోడ్ పెట్టమన్నా అదే పని. కమాండ్లు టైప్ చేసి నడిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో బ్లెండ్ ఫిల్టర్‌తో ఈ తీసివేత చేస్తే బొమ్మంతా ఆకుపచ్చగా రావచ్చు, కంగారు పడకండి, ముందు రెండు వీడియోల్నీ ఆర్‌జీబీకి, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పద్ధతికి మార్చుకుంటే సరిపోతుంది.

వీడియోలో అసలు కష్టం రెండు కాపీల్లోనూ ఒకే ఫ్రేమ్‌ని, అంటే ఒకే క్షణం బొమ్మని పట్టుకోవడం. పెళ్లి క్యాసెట్ అయితే దీనికి మంచి ఆనవాలు ఉంది: ఫోటోగ్రాఫర్ ఫ్లాష్. తాళి కట్టేటప్పుడు ఫ్లాష్ వెలిగిన క్షణం తెర తెల్లబడుతుంది. రెండింటిలో ఆ ఫ్రేమ్ దగ్గర ఆపి కలపండి. కాసేపు నడిచాక మళ్లీ ఇంకో ఫ్లాష్ దగ్గర సరిచూడండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒకరి దగ్గర ఫ్రేములు జారిపోయి ఉంటే అక్కడి నుంచి కలవదు. నా లెక్కలో ఫ్రేములు జారిన కాపీ పక్కన పెట్టేయాల్సిందే.

తర్వాత ఆకారం చూడండి. వీహెచ్‌ఎస్ క్యాసెట్ బొమ్మ వెడల్పూ ఎత్తూ 4:3 లెక్కలో ఉంటాయి. కొత్త టీవీ నిండాలని 16:9కి సాగదీస్తే పెళ్లికూతురు లావుగా కనిపిస్తుంది, రెండో కాపీతో ఎంత జరిపినా కలవదు. మన క్యాసెట్లు పాల్ అనే టీవీ పద్ధతివి, సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు ఫీల్డులు (సగం గీతల బొమ్మలు), అంటే సెకనుకి 50 క్షణాలు. ఒక షాపువాళ్లు 50 ఉంచి, ఇంకొకరు సగం పారేసి 25 చేసి ఉండొచ్చు. అక్షింతలు వేసే చేతుల దగ్గర నడిపించి చూస్తే తెలుస్తుంది, ఒకదాంట్లో కదలిక సాఫీగా, ఇంకోదాంట్లో గెంతుతూ ఉంటుంది.

డిఫరెన్స్ బొమ్మ తేడా ఎక్కడుందో చూపిస్తుంది, ఏది మంచిదో చెప్పదు. అది మీరే మార్చి మార్చి చూసి తేల్చాలి. పట్టుచీర జరీ, జడలో పూలు, వెనక వరసలో కూర్చున్నవాళ్ల ముఖాలు చూడండి. ఒకటి నున్నగా, ఇంకొకటి గరుగ్గా ఉంటే నేను గరుగ్గా ఉన్నదే దాచమంటాను. గరుకు తర్వాత తీయించుకోవచ్చు, నున్నగా చేసేటప్పుడు పోయిన జరీ తిరిగి రాదు.

పోల్చడానికి వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫైళ్లు వాడకండి, అవి దారిలోనే కుదించుకుపోతాయి. షాపు నుంచి అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, ఫోటోకి ముట్టుకోని స్కాన్ కూడా విడిగా ఇమ్మనండి. క్యాసెట్‌ని మాత్రం పారేయొద్దు. మళ్లీ ఎక్కించాల్సి వస్తే వీసీఆర్‌లో పెట్టే ముందు టేపు మీద తెల్ల బూజు ఉందేమో చూపించండి. మన సముద్రపు తేమకి అది పట్టడం మామూలే. అలాగే తిప్పితే వీసీఆర్ హెడ్‌కి అంటుకుంటుంది, కాబట్టి ముందు శుభ్రం చేయించండి.