బిల్లు కంపెనీది, కాలిన చెయ్యి నాది: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేస్తాను. పదిహేను రోజుల క్రితం ఆఫీసు పని మీద శ్రీపెరుంబుదూరు వెళ్లాం. ఆ రాత్రి మా మేనేజర్ కొరియన్ కస్టమర్లను చెన్నైలో ఒక కొరియన్ బార్బెక్యూ రెస్టారెంటుకు తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నారు. అక్కడ బల్ల మధ్యలోనే పొయ్యి. మాంసం మాడి పెనం నల్లబడితే వెయిటర్ వచ్చి, దాన్ని పట్టకారుతో ఎత్తి కొత్తది పెడతాడు. అలా ఎత్తినప్పుడు పెనం అంచు నా ముంజేతికి తగిలింది. నిజం చెప్పాలంటే అప్పుడే ఫోన్ కోసం నేనూ చెయ్యి చాచాను. బొబ్బలెక్కి నాలుగు రోజులు డ్యూటీకి వెళ్లలేకపోయాను. పైగా 8,000 రూపాయల భోజనానికి 800 సర్వీస్ చార్జి వేసి, ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీతో 9,240 తీసుకున్నారు. తీసేయమంటే కుదరదన్నారు. కట్టింది కంపెనీ కార్డుతో. ‘బిల్లు కంపెనీది, నువ్వెట్లా కేసు వేస్తావ్’ అంటున్నారు మేనేజర్. గోడ మీద ‘ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని బోర్డు కూడా ఉంది. కేసు వేస్తే వాయిదాలకు చెన్నై తిరగాలా?

జవాబు: మీ మేనేజర్ గారి మాటలో సగమే నిజం. డబ్బు కట్టింది కంపెనీయే. కానీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) చూడండి. డబ్బు కట్టినవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో ఆ సేవ పొందినవాళ్లూ వినియోగదారులే. మేనేజరే రమ్మని కూర్చోబెట్టారు కాబట్టి అనుమతి గురించి పేచీ లేదు. చెయ్యి కాలింది మీది, ఫిర్యాదు కూడా మీ పేరు మీదే వేయండి.

రెస్టారెంటు లాయరు లేవదీసే మొదటి అభ్యంతరం ఏమిటో ఇప్పుడే చెబుతాను. ‘ఇది బిజినెస్ డిన్నర్, వాణిజ్య అవసరం, కాబట్టి వినియోగదారుడు కాదు’ అంటారు. దీనికి 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పు పనికొస్తుంది. ముంబైలో ఒక ఆసుపత్రి ట్రస్టు తన నర్సులు ఉండడానికి ఫ్లాట్లు కొంది. అది వాణిజ్య అవసరం కాదని కోర్టు తేల్చింది. లాభం తెచ్చే పనితో ఆ కొనుగోలుకు నేరుగా ముడి ఉందా లేదా అన్నదే కొలత. కస్టమర్లతో భోజనమన్నాక కంపెనీ విషయంలో వాదనకు కొంత చోటుంది. నెల జీతగాడు తిన్న అన్నానికి మాత్రం ఆ ముడి వేయడం కష్టం.

బోర్డు సంగతికి పెద్దగా టెన్షన్ పడకండి. మన దేశంలో చెప్పుల స్టాండు దగ్గర కూడా ఆ బోర్డు ఉంటుంది. సొంత మనుషుల నిర్లక్ష్యానికి బాధ్యత లేదని ముందే రాసి తప్పించుకోవడం కుదరదని, హోటల్లో వాలెట్ పార్కింగుకు ఇచ్చిన కారు పోయిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ 2019లోనే.

అసలు చిక్కు మీ ఫోన్ దగ్గరుంది. మీరు చెయ్యి చాచిన మాట దాచొద్దు, ఫిర్యాదులో మీరే రాయండి. సీసీటీవీలో ఎలాగూ కనిపిస్తుంది, దాచారని తేలితే మిగతాదీ నమ్మరు. దానివల్ల పరిహారం కొంత తగ్గవచ్చు, కేసు మాత్రం పోదు. కాలుతున్న పెనం ఎత్తేముందు ‘సార్, కాస్త వెనక్కి’ అని హెచ్చరించాల్సింది వెయిటరే. హెచ్చరించాడా లేదా అన్నది మీ పక్కన కూర్చున్న సహోద్యోగి అఫిడవిట్‌లో రావాలి.

చెన్నై తిరగనక్కర్లేదు. మీరు ఉంటున్న చోటైనా, ఉద్యోగం చేస్తున్న చోటైనా ఫిర్యాదు వేసుకోవచ్చని అదే 2019 చట్టంలోని సెక్షన్ 34 చెబుతోంది. అంటే మీ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. (నా వృత్తికి నష్టమే, అయినా చెబుతున్నాను.) గడువు రెండేళ్లు. వైద్యం ఖర్చు, నాలుగు రోజుల జీతం కోత పడి ఉంటే అది, బాధకు ఓ మోస్తరు మొత్తం అడగండి. పది లక్షలు అడిగితే కమిషన్ ముందు మీరే తేలికైపోతారు.

సర్వీస్ చార్జి వేరే తగవు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని, కలిపి దాని మీద జీఎస్టీ వేయకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది, హోటళ్ల సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. మీ బిల్లులో ఇలా ఎక్కువ పడింది 840 రూపాయలు. అది కంపెనీ సొమ్ము, అకౌంట్స్ వాళ్లే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగాలి. తమాషా ఏమిటంటే, కొరియాలో హోటలువాళ్లు ‘ఇది సర్వీస్’ అని ఏదైనా బల్ల మీద పెడితే అది ఉచితమని అర్థం.

ఇక యజమాని వైపు. పై అధికారి రమ్మంటేనే వెళ్లారు గనుక దీన్ని పనిలో జరిగిన ప్రమాదమే అనవచ్చు. మీకు ఈఎస్ఐ ఉంటే ముందు హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.

అన్నిటికన్నా ముందు, ఈ రాత్రే రెస్టారెంటుకు ఒక మెయిల్ పెట్టండి. తేదీ, సమయం, బల్ల నంబరు రాసి, ఆ సీసీటీవీ ఫుటేజీ చెరపకుండా ఉంచమని అడగండి. చాలాచోట్ల పాత రికార్డింగ్ మీదే కొత్తది ఎక్కిపోతుంది. మీకిప్పటికే పదిహేను రోజులైపోయాయి.