అప్పు చేసి ఇచ్చే కానుక

ప్రశ్న: మా ఆయనకు నెలకు 26,000 జీతం. జీతం రాగానే 2,600 దశమభాగం (పదో వంతు) తీసి చర్చికని కవర్లో పెడతారు. దానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. పాప నర్సింగ్ ఫీజులకు తెచ్చిన రెండు లక్షల అప్పు మూడు రూపాయల వడ్డీలో ఉంది. మొన్న ఉజ్జీవ కూటాల్లో (చర్చి ప్రత్యేక సభల్లో) కొత్త మందిరం స్లాబుకి లక్ష ఇస్తానని అందరి ముందూ లేచి నిలబడ్డారు. ఇప్పుడు నా నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెడదామంటున్నారు. మా అత్తగారికి రెండు నెలలుగా బీపీ మాత్రలు సరిగా కొనడం లేదు. వద్దంటే, పొలం అమ్మిన డబ్బులో కొంత దాచి చచ్చిపడిన అననీయ, సప్పీరా దంపతుల సంగతి ఎత్తుతున్నారు. ఆయనకు తెలియకుండా నెలకు అయిదొందలు మా అక్క దగ్గర దాస్తున్నాను. నేను దేవుని సొమ్ము దొంగిలిస్తున్నానా? – ఒక సోదరి, గుంటూరు జిల్లా

అమ్మా, వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ మీ అత్తగారి మాత్రల దగ్గరే ఆగిపోయాను. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో 'కొర్బాను' అన్న మాట వస్తుంది. అంటే దేవునికి అర్పించేసినది అని. తల్లిదండ్రులకు అందాల్సిన దాన్ని కొర్బాను అని చెప్పి, ఇక వాళ్లకేమీ చేయనక్కర్లేదని తప్పుకునే పద్ధతి ఆ రోజుల్లో ఉండేది. యేసు ప్రభువు దాన్ని తప్పుపట్టారు. మీ ఆచారంతో దేవుని వాక్యాన్నే కొట్టేస్తున్నారు అన్నారు. మీ వారు తల్లిని కావాలని వదిలేశారని నేననను. కానీ కవరు నిండి, మందుల డబ్బా ఖాళీ అయింది కదా. మీ వారు ముందు ఈ అధ్యాయం చదవాలి.

అననీయ సంగతి కూడా ఒకసారి సరిగ్గా చదవండి. అపొస్తలుల కార్యములు 5:4లో పేతురు ఏమడిగాడు? పొలం నీ దగ్గరున్నప్పుడు నీదే కదా, అమ్మాక కూడా ఆ డబ్బు నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. అంటే ఇవ్వకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. కొంత దాచుకుని, మొత్తం తెచ్చామని చెప్పిన అబద్ధమే వాళ్ల తప్పు. లేని డబ్బు లేదని చెప్పే ఇల్లాలిని భయపెట్టడానికి ఈ వాక్యాన్ని వాడకూడదు. ఇలా వాడగా విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇక లెక్క. రెండు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. దశమభాగం 2,600. జీతంలో మూడో వంతు అక్కడికే పోయింది. పైన ఇంకో లక్ష అదే వడ్డీకి తెస్తే నెలకు 9,000, ఆ లక్ష ఒక్కదానికే ఏడాదికి 36,000. మందిరానికి లక్షే చేరుతుంది, అసలు అలాగే ఉంటుంది. గొలుసు పెట్టినా, ఉన్న అప్పు తీర్చే దారి ఒకటి మూసుకుపోయినట్టే. ఇది కాగితం మీద ఆయన చేతే రాయించండి. మీరు చెబితే వాదన అవుతుంది, ఆయన రాస్తే ఆయన కళ్లకే కనిపిస్తుంది.

ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చిన విధవరాలు గుర్తుందా, రెండో రాజులు నాలుగో అధ్యాయం? అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె దగ్గరున్న కాస్త నూనెతోనే అద్భుతంగా పాత్రలన్నీ నిండాక ఎలీషా చెప్పింది చిన్న మాట: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా మొదటి డబ్బు అప్పులవాడికే పోయింది. ఇవ్వాల్సిన బాకీ మన చేతిలో ఉన్నా అది మనది కాదు. మనది కానిది కానుకగా ఎలా పెడతాం?

మొక్కుకున్నది చెల్లించకపోతే ఎలా అన్న భయం మీ వారికి ఉంటుంది. ప్రసంగి అయిదో అధ్యాయం మొక్కుబడి ఆలస్యం చేయొద్దంటుంది, నిజమే. లేవీయకాండం 27:8 కూడా ఉంది. మొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేనంత బీదవాడైతే యాజకుని ముందుకు రావాలి, యాజకుడు అతని స్థోమతను బట్టి వెల నిర్ణయించాలి. చెల్లించలేని వాడికి ధర్మశాస్త్రమే దారి చూపించింది. కాబట్టి మీరిద్దరూ కలిసి పాస్టర్ గారి దగ్గరికి వెళ్లండి. జనంలో కాదు, ఆదివారం ఆరాధన అయ్యాక కూడా కాదు, వారం మధ్యలో తీరికగా. ఆ లెక్క కాగితం ఆయన ముందు పెట్టి, “అయ్యగారూ, తొందరపడి చెప్పాను, అప్పులో ఉన్నాను, నా శక్తికి తగ్గట్టు చెప్పండి” అని మీ వారే అడగాలి. మంచి కాపరి అయితే వీపు తట్టి పంపుతాడు. గదమాయిస్తే, ఆ గదమాయింపును దేవుని స్వరమనుకోకండి.

స్లాబు ఆగిపోతుందని బెంగ వద్దు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు నిరుపేద దళిత విశ్వాసులకు కూడా ఇవ్వడం నేర్పిన మనిషి. ఆయన కాలంలో కట్టిన డోర్నకల్ దేవాలయానికి 1914లో పునాది వేస్తే 1939లో ప్రతిష్ఠ జరిగింది. పాతికేళ్లు. మీ మందిరం కూడా కాస్త ఆగగలదు.

ఇవ్వడం మానేయమని నేను చెప్పడం లేదమ్మా. మా అమ్మ పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పాత డాల్డా డబ్బాలో వేసేది. నెలాఖరుకు అది చర్చికి వెళ్లేది. ఒక ఏడు నాన్నకు పని లేక మా ఇంట్లోనే గింజ లేనప్పుడు, పాస్టర్ గారి భార్య, అమ్మగారు, ఆ డబ్బాతోనే బియ్యం తిరిగి మా గడపకు పంపారు. మూత మీద సొట్ట చూసి అది మా డబ్బానే అని గుర్తుపట్టాను. మేమిచ్చినదే మా కంచంలోకి వచ్చింది. మందిరంలో ఆహారం ఉండేలా పదో భాగం తెమ్మని మలాకీ ప్రవక్త అన్న మాట నాకు ఆ రోజే అర్థమైంది.

దశమభాగం తప్పనిసరా అన్నదానిపై సంఘాల్లో రెండు మాటలున్నాయి. నా మాట అడిగితే, అప్పు తీరేదాకా మీరిద్దరూ కలిసి సంతోషంగా ఇవ్వగల మొత్తం, అయిదొందలైనా సరే, పెట్టుకోండి. రెండో కొరింథీయులు 8:12 ఇచ్చేవాడి దగ్గర ఉన్నదాన్ని బట్టి చూస్తుంది, లేనిదాన్ని బట్టి కాదు.

గొలుసు తాకట్టు పెట్టాల్సిందే అయితే బ్యాంకులో పెట్టండి, ఆ డబ్బు మూడు రూపాయల అప్పుకే కట్టండి. బ్యాంకులో బంగారం మీద వడ్డీ మామూలుగా నెలకు నూటికి రూపాయి లోపే ఉంటుంది. రెండు లక్షలూ అలా మార్చగలిగితే నెలకు నాలుగు వేలు మిగిలి అసలుకు పోతాయి.

అక్క దగ్గర దాచిన డబ్బు గురించి. మీరు దొంగ కాదు, భయపడ్డారు. కానీ ఆ లెక్క కాగితం రాసే రోజున అది కూడా చెప్పేయండి. ఆయన్ని దాపరికం లేకుండా మాట్లాడమని అడుగుతూ మీరు దాచి ఉంచితే కుదరదు. ఆయనకు కోపం రావచ్చు. కాసేపు రానివ్వండి. అందరి ముందూ చెయ్యెత్తిన మనిషికి వెనక్కి తగ్గడం ఎంత సిగ్గో గుర్తుపెట్టుకుని మాట్లాడండి. బహుశా ఆయన ఏదో గండం గట్టెక్కిన కృతజ్ఞతతోనే లేచి ఉంటారు. ముందు అది అడగండి.

ఇవన్నీ ఒక్క వారంలో అయ్యేవి కావు. మాత్రలు మాత్రం రేపటికి వాయిదా వేయకండి. పాత చీటీ పట్టుకుని అత్తగారిని దగ్గర్లోని పీహెచ్‌సీకి (ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకెళ్లి బీపీ చూపించండి. అక్కడ ఆ మందులు ఉచితంగానే ఇస్తారు. వీలైతే మీ వారినే తోడు పంపండి.