మర్ఫీ ఎవరి మనిషి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ‘రోబో’లో చిట్టి, ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి సైబోర్గులేనా? మా స్నేహితుల మధ్య దీనిపై పెద్ద వాదనే నడిచింది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ కావండీ. చిట్టి ఆపాదమస్తకం యంత్రమే, పోలికలు మాత్రం తయారుచేసిన శాస్త్రవేత్తవి. బుజ్జి ఒక వాహనంలో ఇమిడిన కృత్రిమ మేధ. ప్రాణమున్న శరీరంలో యంత్రభాగం చేరి, రెండూ ఒకే వ్యవస్థగా పనిచేసినప్పుడే సైబోర్గ్ అంటారు. 1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నాథన్ క్లైన్ అనే పరిశోధకులు అంతరిక్ష ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ భావనను ప్రతిపాదించారు. భూమి మీది వాతావరణాన్ని వెంట మోసుకుపోయే బదులు మనిషి శరీరాన్నే అక్కడి పరిస్థితులకు తగ్గట్టు మార్చుకోవచ్చన్నది వారి వాదన. 1984 నాటి ‘టెర్మినేటర్’లో ఆ హంతక యంత్రాన్ని సైబోర్గ్ అనే పిలుస్తారు గానీ, అక్కడ చర్మం, మాంసం లోహపు అస్థిపంజరానికి తొడిగిన ముసుగు మాత్రమే కాబట్టి దాన్ని నేను రోబోల పక్కనే నిలబెడతాను.

ప్రశ్న: ‘రోబోకాప్’ చూశాను. చివరికి మర్ఫీకి మిగిలింది ముఖం, మెదడు, అంతే. శరీరం ఎంత మిగిలితే మనిషి ఇంకా మనిషిగా ఉన్నట్టు?
– డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: ఎంత మిగిలిందన్న లెక్కతో ఈ చిక్కుముడి విడిపోదు. 1987లో పాల్ వెర్‌హోవెన్ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రాన్ని మరోసారి చూడండి. దుండగుల కాల్పుల్లో నేలకొరిగిన పోలీసు మర్ఫీ ఎడమ చేతిని కాపాడగలిగామని వైద్యబృందం సంతోషంగా చెబుతుంది. అతణ్ణి యంత్రపు పోలీసుగా మార్చే ప్రాజెక్టు నడుపుతున్న కంపెనీ అధికారి ఆ చేతిని కూడా తీసేయమంటాడు. ఉద్యోగంలో చేరేటప్పుడే మర్ఫీ అంగీకార పత్రాల మీద సంతకం చేశాడనీ, చట్టప్రకారం చనిపోయాడు గనుక అతణ్ణి ఏమైనా చేయవచ్చనీ పక్కనున్నవాడు భరోసా ఇస్తాడు. దుండగులు వదిలేసిన చేతిని కాగితాలు తీసుకున్నాయి. సినిమా అంతటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తుపాకుల మోత కన్నా ఈ సంభాషణే.

అతని పాత జ్ఞాపకాలను పూర్తిగా తుడిచేశామని కంపెనీ నమ్ముతుంది. అయితే కాల్పుల సాధన ముగించిన రోబోకాప్, తుపాకీని వేలి మీద గిర్రున తిప్పి మరీ తొడలోని ఒరలోకి దించుతాడు. అది టీవీ హీరోను చూసి ముచ్చటపడే కొడుకు కోసం మర్ఫీ నేర్చుకున్న విద్య. ముసుగు కింద ఉన్నది ఎవరో పాత సహచరి లూయిస్ పసిగట్టేది ఆ ఒక్క కదలికతోనే. మనం ఎవరమన్నది మన తలలోనే కాక, మనల్ని ఎరిగినవారి కళ్లలో కూడా ఉంటుందని ఈ సన్నివేశం ఒక్క మాట కూడా లేకుండా చెబుతుంది.

ముగింపులో కంపెనీ అధినేత పేరడిగితే అతను ‘మర్ఫీ’ అంటాడు, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. కానీ అంతకు ఒక్క క్షణం ముందు జరిగినదాన్ని గమనించండి. కంపెనీ పెద్దల మీద చెయ్యి వేయకూడదన్న రహస్య నిబంధన ఒకటి అతనిలో నాటి ఉంది కాబట్టి, నేరం చేసిన కంపెనీ పెద్ద ఒకడు కళ్లెదుటే ఉన్నా అతను ఏమీ చేయలేడు. అధినేత ఆ నేరస్థుణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాకే తుపాకీ పేలుతుంది. పేరు తిరిగొచ్చింది గానీ నిబంధన ఎక్కడికీ పోలేదు. అందుకే మీరడిగిన ప్రశ్నను నేను కాస్త మార్చుకుంటాను: ఆ శరీరం ఎవరి మాట వింటోంది?

మమోరు ఒషీ తీసిన 1995 నాటి జపాన్ యానిమేషన్ చిత్రం ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ ఈ సంగతిని దాచకుండా చెబుతుంది. దాదాపు ఒళ్లంతా కృత్రిమమైన మోటోకో కుసనాగి ప్రభుత్వ విభాగంలో పనిచేస్తుంది. ఉద్యోగం మానుకునే హక్కు ఆమెకు ఉంది, కాకపోతే వెళ్లేటప్పుడు శరీరాన్నీ, అందులోని జ్ఞాపకాలనూ అప్పగించి వెళ్లాలి. అటువంటి హక్కు ఉన్నా లేనట్టే కదా! అదే చిత్రంలో చెత్తబండి నడిపే ఒక కార్మికుడు తన భార్యాబిడ్డల ఫొటో అంటూ చూపిస్తే, అందులో భార్యా ఉండదు, బిడ్డా ఉండదు. వారి జ్ఞాపకాలను ఎవరో అతని మెదడులో పెట్టారు. అతని మెదడు పుట్టుకతో వచ్చిందా, మార్చిందా అన్నది అక్కడ అప్రస్తుతం. అందులోకి పరాయివాడు చొరబడ్డాడన్నదే అతని దుఃఖం.

ప్రశ్న: మా పాపకు మూడేళ్ల వయసులో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చారు. ఇప్పుడు చక్కగా మాట్లాడుతుంది. బడిలో పిల్లలు చెవి దగ్గరి పరికరాన్ని చూసి ‘రోబో’ అంటున్నారట. ‘అమ్మా, నేను మనిషినేనా?’ అని అడిగింది. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: అమ్మా, ముందుగా పాపకు ఆ పరికరం ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు చెప్పండి. చెవి వెనుక ఉండే ప్రాసెసర్ శబ్దాన్ని అందుకుంటుంది. అయస్కాంతంతో తలకు అతుక్కునే కాయిల్ ఆ సంకేతాన్ని చర్మం లోపలికి పంపుతుంది. లోపల అమర్చిన సన్నని ఎలక్ట్రోడ్లు చిన్న విద్యుత్ సంకేతాలతో వినికిడి నాడిని మేల్కొలుపుతాయి. అక్కడితో యంత్రం పని అయిపోతుంది. ఆ అలికిడిలోంచి ‘ఇది అమ్మ గొంతు’ అని పోల్చుకోవడం, నెలల తరబడి సాధన చేసి మాటలు నేర్చుకోవడం అంతా పాప మెదడు పడిన కష్టమే. పడుకునే ముందు ప్రాసెసర్ తీసి పక్కన పెట్టేదీ, పొద్దున్నే తగిలించుకునేదీ తనే అని కూడా గుర్తుచేయండి.

మన నగరంలోనే జరిగిన ఒక కథ కూడా ఆమెకు చెప్పవచ్చు. నిమ్స్‌లో పిల్లలు కాళ్లకు ఆసరాగా తొడిగే, మూడు కిలోలకు పైబడిన లోహపు క్యాలిపర్లను ఈడ్చుకుంటూ నడవడం చూసి, అబ్దుల్ కలాం బృందం క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్లు చేసిచ్చింది. పై జవాబులోని మర్ఫీ విషయంలో యంత్రానికి సరిపడేలా మనిషిని కోశారు, ఇక్కడ పిల్లల కాలికి సరిపడేలా క్షిపణి పదార్థాన్ని మలిచారు.

మీరు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. చూపు కోల్పోయినవారికి రెటీనా మీద అమర్చే ‘ఆర్గస్-2’కు అమెరికాలో 2013లో అనుమతి లభించింది. 350 మందికి పైగా దాన్ని అమర్చుకున్నారు. కొన్నేళ్లకే తయారీసంస్థ దాన్ని ఆపేయడంతో, పరికరం చెడితే బాగుచేసే నాథుడు లేక వారిలో కొందరు మళ్లీ చీకట్లోకి వెళ్లారు. కాబట్టి పాప పరికరం మోడల్, క్రమసంఖ్య, వారంటీ పత్రాలు భద్రపరచండి. మ్యాపింగ్ (పరికరాన్ని పాప వినికిడికి తగ్గట్టు సరిచేయడం) జరిగిన ప్రతిసారీ దాని వివరాల ప్రతిని ఆడియాలజిస్టును అడిగి తీసుకోండి. తీగలు, బ్యాటరీలు ఎన్నేళ్ల వరకు దొరుకుతాయో ఇప్పుడే కనుక్కోండి.

పాపకూ, ఆమె తోటి పిల్లలకూ కలిపి చూపించడానికి ‘హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్’ (2010) బాగుంటుంది. అందులో తోకరెక్క పోగొట్టుకున్న డ్రాగన్‌కు ఒక కుర్రాడు కృత్రిమ రెక్క తయారుచేస్తాడు, చివరికి అతనికే కృత్రిమ కాలు అవసరమవుతుంది. ఆ కథలో ఎవరూ వారిని యంత్రాలనరు. ‘రోబోకాప్’ మాత్రం పాప పెద్దదయ్యేవరకు వద్దు, అందులో హింస మరీ ఎక్కువ.