అరవై కాగితాల్లోనూ ‘లేదు’

ప్రశ్న: మా కబడ్డీ క్యాంపులో 60 మంది కుర్రాళ్ల చేత ‘స్టెరాయిడ్స్ ఎప్పుడైనా వాడావా?’ అన్నదానికి జవాబు రాయించాను. అందరూ ‘లేదు’ అనే రాశారు. నమ్మొచ్చాండీ?
– ఒక పీఈటీ, అమలాపురం

జవాబు: నమ్మకండి మాస్టారూ. కాగితాలు పంచింది మీరు, తీసుకున్నది మీరు, రేపు జట్టును ఎంపిక చేసేదీ మీరే. పేరు లేకపోయినా చేతిరాత పట్టేస్తారని వాళ్లకు భయం.

ఈసారి మీరు పక్కకు తప్పుకుని, బయటి మనిషి చేత అడిగించండి. ప్రతి కుర్రాడూ తన దగ్గరివాళ్లలో ఒకరి పుట్టినరోజు మనసులో తలచుకోవాలి. తేదీ 1–10 మధ్య ఉంటే ‘అది జనవరి–జూన్ మధ్య వస్తుందా?’ అన్నదానికి, లేకుంటే మందుల ప్రశ్నకు జవాబివ్వాలి. కాగితం మీద ‘అవును’, ‘కాదు’ గళ్లే ఉండాలి. టిక్కు పెట్టి, తాళం వేసిన డబ్బాలో వేయాలి. ఎవరు ఏ ప్రశ్నకు జవాబిచ్చారో ఎవరికీ తెలియదు. ధైర్యం అక్కడే వస్తుంది.

లెక్క ఇలా: 1–10 తేదీలు నెలలో మూడో వంతు కాబట్టి 60లో సుమారు 20 మందికి పుట్టినరోజు ప్రశ్న పడుతుంది, జనవరి–జూన్ ఏడాదిలో సగం కాబట్టి అందులో 10 ‘అవును’లు. మొత్తం 22 వస్తే, మిగతా 12 మందుల ప్రశ్నవి. 40కి 12, అంటే 30 శాతం. అయితే 60 మందితో ఈ అంకె 12 శాతం నుంచి 48 శాతం దాకా ఊగుతుంది. జిల్లా మొత్తం మీద కొన్ని వందల మందిని కలపండి.

2011లో దక్షిణ కొరియాలోని దేగూలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్‌లో క్రీడాకారులను ఇలాగే అడిగితే, అంతకుముందు ఏడాదిలో నిషేధిత మందులు వాడినవాళ్లు 43.6 శాతమని తేలింది. అక్కడి పరీక్షల్లో దొరికింది 0.5 శాతమే.

ఇంకో మాట. ‘డోపింగ్’ (ఆటల్లో నిషేధించిన మందులు వాడటం) అని అడగకండి. జిమ్‌లో ఇచ్చిన సూది డోపింగని చాలామంది కుర్రాళ్లకు తెలియదు. ‘కండ పెరగడానికి సూది గానీ మాత్ర గానీ ఈ ఏడాదిలో తీసుకున్నావా?’ అని అడగండి.