కెమెరా కొన్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

తెనాలి నుంచి అత్త ఆశీస్సులు.

కెమెరా కొన్నావని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. అంత డబ్బు పోసి కొంది, మోజు తీరాక బీరువాలో పడేస్తుందేమోనని ఆయన బెంగ. నువ్వు పడెయ్యవని నాకు నమ్మకం. పక్షుల ఫొటోలు ఎలా తీయాలో చెప్పమన్నావు కదా, నోటితో చెప్పడం కంటే రాస్తేనే నయమనిపించింది.

ముందు చోటు సంగతి. కొల్లేరు, నేలపట్టు, నల్లమల అంటూ ఇప్పుడే బయల్దేరకు. గుంటూరులో మీ ఇంటి నుంచి బండి మీద అరగంటలో చేరే చోటు ఒకటి చూసుకో. నందివెలుగు రోడ్డు వైపు మాగాణి గట్టయినా సరే, ఏదో ఒక ఊరి చెరువైనా సరే. ఏడాది పొడుగునా అక్కడికే వెళ్లు. కొత్త చోటికి పోతే పొద్దంతా పక్షుల్ని వెతుక్కోవడానికే సరిపోతుంది. తెలిసిన చోట ఏ పిట్ట ఏ వేళకు ఎక్కడ వాలుతుందో ముందే తెలుసు కాబట్టి వెళ్లి కూర్చుంటే చాలు. నాకు తెలిసి మంచి ఫొటోల్లో చాలా వరకు ఇలా కూర్చుని తీసినవే.

మన డెల్టాలో చేల మీద బతుకు నెలనెలకూ మారుతుంది. కాలువలకు నీళ్లొదిలి దమ్ము మొదలయ్యాక ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు, తెల్ల కంకణాలు (వంపు ముక్కు ఐబిస్‌లు), నత్తగుల్ల కొంగలు బారులు తీరతాయి. బురద తిరగబడి పురుగులు, కప్పలు, నత్తలు బయటపడతాయి కదా, వాటి కోసం. ఆ వేళ వాటి ధ్యాసంతా తిండి మీదే, మనిషిని అంతగా పట్టించుకోవు. నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి రోజులు లేవు. నత్తగుల్ల కొంగ ముక్కు జాగ్రత్తగా చూడు. మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగాక వస్తుంది. ముక్కు స్పష్టంగా పడిందంటే ఫొటోలో ఉన్నది పెద్దదో పిల్లదో చెప్పేయొచ్చు. ఆ రోజుల్లోనే పశువుల వెంట తిరిగే చిన్న తెల్లకొంగ తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. గుడ్డికొంగ వీపు ముదురు మెరూన్ అవుతుంది. గూళ్లు పెట్టే కాలపు ముస్తాబు అది, చలికాలంలో వెతికినా కనిపించదు.

వరి కోతలయ్యాక అదే చేలో మినుము లేస్తుంది. అప్పటికి ఉత్తరం నుంచి వలస పిట్టలు దిగి ఉంటాయి. తడి మిగిలిన మళ్లలో ఉల్లంకులు, జిట్టంగులు అనే చిన్న పిట్టలు తిరుగుతుంటాయి. చేల మీద పిల్లిగద్దలు రెక్కలు కాస్త పైకెత్తి, బాగా కిందుగా తేలుతూ ఈ చివర నుంచి ఆ చివరికి పోయి మళ్లీ వస్తాయి. పిల్లిగద్ద వెంటపడితే నీకు దొరికేది దాని వీపే. చేను చివర గట్టున కదలకుండా కూర్చుంటే అదే ఎదురొస్తుంది.

ఇలాంటి అలవాట్లు ప్రతి పిట్టకూ ఉన్నాయి. కెమెరా బటన్ల కంటే ముందు ఇవి నేర్చుకో. పసిరిక పిట్ట గాల్లో పురుగును పట్టి తిరిగి అదే తీగ మీదికో, అదే ఎండుపుల్ల మీదికో వస్తుంది. ఆ పుల్ల మీద ఫోకస్ పెట్టుకుని కూర్చోవాలి. తేనెటీగ దొరికితే దాన్ని పుల్లకేసి కొట్టి, రుద్ది, కొండి పోగొట్టాకే మింగుతుంది. నీకు కావలసిన ఫొటో ఆ కాసేపట్లోనే ఉంది. నలుపు తెలుపు లకుముకి పిట్ట కాలువ మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ముక్కు కిందికి వంచి, తటాలున దూకుతుంది. అది నిలబడ్డప్పుడే ఫోకస్ పట్టుకోవాలి, దూకాక పట్టుకోలేవు. పెద్ద పక్షులు లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలికి ఎదురు తిరుగుతాయి. గాలీ, సూర్యుడూ రెండూ నీ వీపు వైపు ఉన్న ఉదయం దొరికితే వదలకు, అవి మొహం నీ వైపు పెట్టి, వెలుగు నిండుగా పడుతూ లేస్తాయి. ఎగిరే ముందు చాలా పక్షులు రెట్ట వేస్తాయి. అది చూసిన వెంటనే వేలు బటన్ మీదికి పోవాలి.

ఇక దగ్గరికి వెళ్లడం. ఎంత దూరంలో ఆగాలో పక్షే చెబుతుంది. మేస్తున్నది మేత ఆపి, తల ఎత్తి నిన్నే చూస్తోందంటే అక్కడే ఆగిపో. అది మళ్లీ మేతలో పడ్డాక కదులు, అదీ సూటిగా కాదు, పక్కకు పోతున్నట్టు వాలుగా. మళ్లీ మళ్లీ తలెత్తుతోందంటే అంతటితో సరి, అక్కణ్ణుంచే తీయి. చప్పట్లు కొట్టి, మట్టిబెడ్డ విసిరి గుంపును లేపి ఎగిరే ఫొటోలు తీసేవాళ్లున్నారు. వాళ్లతో కలిసి వెళ్లకు. ఎక్కడి నుంచో ఎగిరొచ్చి ఇక్కడ నాలుగు నెలలు తిని ఒళ్లు చేసుకుని తిరిగిపోవాల్సిన ప్రాణి అది. ఊరికే లేపిన ప్రతిసారీ దాని తిండి వేళలో కొంత, ఒంట్లో సత్తువలో కొంత పోతుంది. అన్నయ్య కారు అడుగు. రోడ్డు పక్కన ఇంజిన్ ఆపి లోపలే కూర్చుంటే పక్షులు బెదరవు. పాత జీన్స్ కాలు కత్తిరించి, బియ్యం పోసి కుట్టి, కిటికీ మీద పెట్టి లెన్స్ దాని మీద ఆనించు. ట్రైపాడ్ కంటే అదే హాయి.

కెమెరా సంగతి క్లుప్తంగా చెప్తాను. కూర్చున్న పక్షికి షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు పెట్టుకుని, వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓని ఆటోలో వదిలేయి. ఫొటోలో కాస్త నలక ఉన్నా సర్దుకోవచ్చు, అదిరిన ఫొటోను ఏం చేసినా బాగుపడదు. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. నల్లటి చేలో తెల్లకొంగ ఉంటే కెమెరా మొత్తం చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, ఈకలన్నీ సున్నం కొట్టినట్టు ఒకే తెలుపైపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుగు, ఒక మెట్టు తగ్గించు. తెల్లటి ఆకాశం ముందు గద్ద ఉంటే ఒక మెట్టు పెంచు. నిలబడి కిందికి తీయకు. గట్టు దిగువన కూర్చుని పక్షి కంటి ఎత్తుకు రా, వెనక ఉన్న పచ్చదనమంతా మెత్తగా కలిసిపోతుంది. పొద్దెక్కాక చేల మీద ఆవిరి ఆడుతుంది, దూరాన ఉన్నది ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా అలికినట్టే వస్తుంది. ఎండాకాలమైతే ఎనిమిదికల్లా సర్దేసి ఇంటికి రా. వానల్లో లెన్స్‌ని తోలు సంచిలో ఉంచితే బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు.

గూళ్ల విషయంలో మాత్రం అమ్మలూ, నా మాట కాదనకు. నేర్చుకునే రోజుల్లో గూళ్ల ఫొటోలు అసలు తీయొద్దు. తీతువు నేల మీదే, ఎండలో, నాలుగు గుడ్లు పెడుతుంది. వేసవిలో కృష్ణ ఇసుక మేటల మీద టెర్న్ పక్షులు గుడ్లు పెట్టేదీ అలాగే. మన గుంటూరు, బెజవాడ ఎండలో తల్లి నీడ పట్టకపోతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. నువ్వు అక్కడ నిలబడి ఫొటోలు తీస్తున్నంతసేపూ తల్లి దూరంగా అరుస్తూ తిరుగుతుంది తప్ప గూటికి రాదు. తీతువు నీ తల చుట్టూ తిరుగుతూ గోల పెడుతోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వచ్చేయి. కొమ్మలు అడ్డొస్తున్నాయని గూటి ముందు ఆకులు విరిచేవాళ్లూ ఉన్నారు. ఆ ఆకులే కాకి కంట పడకుండా, ఎండ సోకకుండా పిల్లల్ని కాచేది. 1972 నాటి వన్యప్రాణి చట్టం గుడ్లనీ గూళ్లనీ కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించడం, రాత్రిపూట గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం కూడా వద్దు. అరుదైనది ఏదైనా కనిపిస్తే ఫొటో అందరికీ చూపించు, చోటు మాత్రం చెప్పకు.

చేలల్లోకి దిగే ముందు రైతును అడుగు. ఎవరూ లేకపోతే గట్టు దాటకు, నారుమడిలో ఒక్క అడుగు కూడా పడకూడదు. పలకరిస్తే వాళ్లే చెబుతారు, ఉడుము ఏ తుప్పలో ఉంటుందో, తెల్లారగట్ల నక్క ఏ గట్టెంట పోతుందో. అలా తెలిసిన సంగతులు నాకు చాలా ఉన్నాయి. మిరప, పత్తి చేలల్లో మందు కొడుతుంటే ఆ రోజుకు ఆ వైపే వద్దు. పందుల కోసం కరెంటు తీగ కట్టే చోట్లుంటాయి, అది కూడా అడిగి తెలుసుకో. మోకాళ్ల దాకా బూట్లు లేకుండా గట్టెక్కకు. రక్తపింజర గడ్డిలో పడుకుంటే కనపడదు, అడుగుల చప్పుడుకు తప్పుకోదు కూడా. ఒంటరిగా వెళ్లే రోజున ఎక్కడికో అమ్మకు చెప్పి, ఫోన్లో లొకేషన్ పంపి వెళ్లు.

మన జిల్లాలో అన్నిటికంటే నేను ఇష్టపడే చోటు ఉప్పలపాడు. గుంటూరుకి ఎనిమిది కిలోమీటర్లే, పెదకాకాని మండలం. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఉంటాయి. రెట్టల వాసన, రాత్రీ పగలూ రొద భరిస్తూ ఊళ్లోవాళ్లు వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. అందుకే అక్కడికి వెళ్తే ముందు ఊళ్లోవాళ్లను పలకరించు, చెరువు గట్టున ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా వదలకు. అక్కడ గూళ్లు గట్టుకు దూరంగా, నీళ్ల మధ్య ఉన్నాయి కాబట్టి గట్టు మీద నుంచి తీస్తే వాటికి ఇబ్బంది లేదు. చెట్ల మీదివి వదిలేసి, పుల్లలు పట్టుకుని గూటికి తిరిగొచ్చేవాటి మీద చెయ్యి సాధన చేసుకో. పెద్ద పక్షి, నెమ్మదిగా వస్తుంది, వచ్చే దారి కూడా దాదాపు ఒకటే.

అక్కడ చెయ్యి కుదిరాక కొల్లేరు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. కైకలూరు దగ్గర ఆటపాకలో పడవ ఎక్కొచ్చు. గూడబాతుల చెట్లకు ఇంకా దగ్గరగా పోనిమ్మని పడవవాళ్లకు డబ్బులు ఆశ పెట్టే మనుషులు కనిపిస్తారు, నువ్వు ఆ పని చేయకు. దూరం నుంచే పోనిమ్మని నువ్వే ముందు చెప్పు. ఆ సరస్సులో చేపల చెరువుల కోసం గట్లు వేసి ఎంత మేర మింగేశారో, 2006లో ప్రభుత్వం వాటిని ఎందుకు కొట్టించిందో వెళ్లే ముందు చదువుకో. వెనక గట్టు కనిపించే ఫొటోలు కూడా తీసి దాచిపెట్టు, పక్షి ఒక్కటే ఉన్న ఫొటోలో ఆ కథ తెలియదు.

తీసిన ప్రతిదానికీ తేదీ, వేళ, పక్షి ఏం చేస్తోందో ఒక నోటుబుక్కులో రాయి. జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది, నాతో పాటు రా, పేర్లు గుర్తుపట్టడం త్వరగా వస్తుంది. ఈ ఆదివారం నేనే గుంటూరు వస్తున్నాను. తెల్లవారుజామున ఐదింటికి తయారుగా ఉండు, బ్యాటరీ రాత్రే చార్జింగ్ పెట్టు, ఎరుపు, తెలుపు బట్టలు వేసుకోకు. బియ్యం సంచి నేను కుట్టి తెస్తాను. ఇడ్లీలు అమ్మను కట్టమను.

ఇట్లు,
మీ అత్త