బుల్లి రైలు – పాఠకుల ప్రశ్నలు: అరకు లైను స్టేషను, సొరంగం, కంకర

హెచ్ఓ సైజు పట్టాలు, ఒక ఇంజను, నాలుగు ఐసీఎఫ్ (పాత రకం) పెట్టెలు ఉన్నాయి. అరకు లైనులో శిమిలిగూడ లాంటి చిన్న కొండ స్టేషను కట్టాలని ఉంది. కొలతలు ఎలా తియ్యాలి? దేంతో కట్టాలి? – ఒక పాఠకుడు, కాజీపేట

హెచ్ఓ అంటే 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు ఉండే బుల్లి రైలు. అసలు కొలతని మిల్లీమీటర్లలో వేసి 87తో భాగించండి. కొలత అడుగుల్లో ఉంటే అడుక్కి 3.5 మి.మీ. లెక్క. మన బ్రాడ్‌గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 1676 మి.మీ. కాబట్టి హెచ్ఓలో 19.3 మి.మీ. రావాలి. దొరికే పట్టా మాత్రం 16.5 మి.మీ., ఎందుకంటే దాన్ని విదేశాల 1435 మి.మీ. గేజ్‌కి చేశారు. పట్టాలు సొంతంగా వేసుకునే ఓపిక లేకపోతే ఆ మూడు మిల్లీమీటర్లు వదిలెయ్యండి. పెట్టెలు నిలబడ్డాక అది ఎవరి కంటా పడదు. పట్టా ఇరుకుగా ఉంది కదా అని భవనాన్ని కూడా కుదించారంటే మాత్రం పెట్టె పక్కన స్టేషను బొమ్మరిల్లులా తేలిపోతుంది.

స్టేషను కొలతలు ఫొటో నుంచే తియ్యొచ్చు. గోడకి ఎదురుగా నిలబడి, వంకర లేకుండా తీసిన ఫొటో కావాలి. తలుపు ఎత్తు 2.1 మీటర్లు అనుకుంటే హెచ్ఓలో 24 మి.మీ. ఫొటోలో తలుపు ఎంతుందో స్కేలుతో చూసి, మిగతా వాటన్నిటికీ అదే నిష్పత్తి వెయ్యండి. 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల ఎత్తు ఉన్న భవనమైతే 138, 57, 41 మి.మీ. వస్తాయి. కిటికీల మీది సన్‌షేడ్ 60 సెం.మీ. బయటికి వస్తే 7 మి.మీ. సన్‌షేడ్ మందం ఒక మిల్లీమీటరు దాటనివ్వకండి. చాలా మోడళ్లు మొరటుగా కనిపించేది ఈ లావుపాటి సన్‌షేడ్ల వల్లే.

గోడలకి స్టేషనరీ షాపుల్లో దొరికే 3 మి.మీ. సన్‌బోర్డ్ (తేలికపాటి ప్లాస్టిక్ అట్ట) బాగుంటుంది. 9 అంగుళాల గోడ హెచ్ఓలో 2.6 మి.మీ. అవుతుంది కాబట్టి కిటికీ లోతు దానంతటదే సరిగ్గా వస్తుంది. కొత్త బ్లేడుతో, ఒకేసారి నొక్కకుండా మూడు నాలుగు గీతల్లో కొయ్యండి. మొద్దుబారిన బ్లేడు మూలల్లో పీచు లేపుతుంది. కిటికీ మూలల్ని ముందు పిన్నుతో గుచ్చి, ఆ గుంటల దగ్గర్నుంచి మధ్యకి కోస్తే గీత మూల దాటిపోదు. సన్‌బోర్డ్ ముక్కని ముక్కకి అంటించడానికి ఫెవికాల్ పనికిరాదు. రెండు వైపులా ప్లాస్టిక్కే, నీళ్లు పీల్చుకునేది ఏదీ లేదు. ఫెవిక్విక్ గానీ, పీవీసీ పైపులకి వాడే సాల్వెంట్ సిమెంటు గానీ అగ్గిపుల్లతో పల్చగా రాయండి. సిమెంటు ఎక్కువైతే బోర్డు మెత్తబడి గుంట పడుతుంది.

ప్లాట్‌ఫాం ఎత్తుని పట్టా తల నుంచి కొలవండి, కింది చెక్క మీద నుంచి కాదు. అడుగున వేసిన కార్క్, స్లీపరు (పట్టాల కింది అడ్డదిమ్మె), పట్టా కలిపి చెక్కకన్నా 7 నుంచి 10 మి.మీ. పైనే ఉంటాయి. ఎత్తు ప్లాట్‌ఫాం పట్టా మీద 760 నుంచి 840 మి.మీ. ఉంటుంది, అంటే హెచ్ఓలో 8.7 నుంచి 9.6. చిన్న స్టేషన్లలో కనిపించే తక్కువ ఎత్తు ప్లాట్‌ఫాం 455 మి.మీ. దాకా, హెచ్ఓలో 5.2. కొండ స్టేషనుకి ఈ రెండోదే అందం. తిన్నని లైనులో పట్టా మధ్య నుంచి ప్లాట్‌ఫాం అంచు దాకా 19.5 నుంచి 20 మి.మీ. వదలండి.

పేరు బోర్డు పసుపు మీద నల్ల అక్షరాలతో, తెలుగు, హిందీ, ఇంగ్లీషులో ఉండాలి. సముద్రమట్టం నుంచి ఎత్తు మర్చిపోకండి. శిమిలిగూడ బోర్డు మీది 996.32 మీటర్లే కదా ఆ స్టేషను గొప్ప! బోర్డుని లేజర్ ప్రింటర్‌తో తీయించండి. ఇంక్‌జెట్ రంగు ఫెవికాల్ తడికి పారిపోతుంది.

మౌంట్‌బోర్డుతో (మందపాటి కాగితపు అట్ట) కట్టిన గూడ్స్ షెడ్డు గోడలు వానాకాలం రాగానే విల్లులా వంగాయి. మూలలు విడిపోయాయి. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

రంగు బయటివైపే వేసి ఉంటారు. రంగు వేసిన వైపు గాలి తేమని పీల్చదు, లోపలివైపు పీల్చి సాగుతుంది, దాంతో బోర్డు వంగుతుంది. గోదావరి పక్కన వానాకాలంలో ఇది తప్పదు. ఈసారి కోసిన ముక్కలకి, అంటించకముందే, రెండు వైపులా, అంచులకి కూడా పల్చటి వార్నిష్ ఒక పూత వెయ్యండి. ఫెవికాల్ అంటాల్సిన అంచు వరకు ఎమరీ కాగితంతో కొద్దిగా గీరితే చాలు. లోపల ప్రతి 5–6 సెం.మీ.కి ఒక అడ్డుగోడ, మూలల్లో 5 మి.మీ. చదరపు కర్రముక్కలు పెట్టండి. ఇప్పటికే వంగిన గోడని తడిపి సరిచేద్దామని చూడకండి, పొరలు విడిపోతాయి. లోపలివైపు వార్నిష్ వేసి, చదునైన చోట బోర్లించి, పుస్తకాల బరువు పెట్టి రెండు రోజులు ఉంచండి. కొంతవరకు వస్తుంది. మిగిలిన వంపుని అడ్డుగోడ లాగుతుంది.

షెడ్డు పైకప్పు రేకుకి అట్టపెట్టెల లోపలి ముడతల కాగితం వాడుతుంటారు. వద్దు. దాని ముడత హెచ్ఓకి చాలా పెద్దది. ఇనప రేకు ముడతకీ ముడతకీ మధ్య 76 మి.మీ. ఉంటుంది, హెచ్ఓలో 0.9. మందపాటి అల్యూమినియం ఫాయిల్‌ని సన్నటి పళ్లున్న దువ్వెన మీద పరిచి, వేలిగోరుతో రుద్దితే దానికి దగ్గరగా వస్తుంది.

సొరంగం కట్టాక ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టె మూల ముఖద్వారానికి గీసుకుంటోంది. ఇంజను మాత్రం సాఫీగా పోతోంది. లైను వంపు వ్యాసార్థం 457 మి.మీ. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఇంజను పొట్టిది, పెట్టె పొడుగుది. పెట్టెని రెండు బోగీలు మోస్తాయి (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, దాని కింద తిరిగే చక్రాల చట్రం). వంపులో బోగీలు పట్టా మీదే ఉంటాయి, పెట్టె నడుము వంపు లోపలికి, కొసలు బయటికి పోతాయి. ఎంత పోతాయో లెక్క కట్టొచ్చు. హెచ్ఓలో ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 270 మి.మీ., బోగీల మధ్య దూరం 171 మి.మీ. లోపలికి పోయేది: 171ని వర్గం చేసి, వ్యాసార్థానికి 8 రెట్లు అయిన 3656తో భాగించండి, 8 మి.మీ. వస్తుంది. బయటికి పోయేది: 270 వర్గంలోంచి 171 వర్గం తీసేసి మళ్లీ 3656తో భాగించండి, 12 మి.మీ. పెట్టె సగం వెడల్పు 18.7. ఊగడానికి ఇంకో 3 మి.మీ. కలిపితే, పట్టా మధ్య నుంచి బయటి గోడ 34 మి.మీ. దూరంలో, లోపలి గోడ 30 మి.మీ. దూరంలో ఉండాలి. మీరు రెండు వైపులా ఒకే దూరం వదిలి ఉంటారు. అదే 245 మి.మీ. ఐసీఎఫ్ పెట్టె అయితే బయటికి 8.5 మాత్రమే పోతుంది. పాత పెట్టెలతో రాని గొడవ కొత్త పెట్టెలతో వచ్చిందంటే కారణం ఇదే.

లెక్క మీద నమ్మకం లేకపోతే పెట్టె బయటి మూలకి, లోపలివైపు నడుముకి చెరో పెన్సిల్ ముక్క టేపుతో నిలువుగా కట్టండి. కింద కాగితం పరిచి పెట్టెని చేత్తో మెల్లగా తోయండి. కాగితం మీద పడ్డ రెండు గీతలకి అవతలే గోడ, స్తంభం, సిగ్నల్, ఏదైనా. వంపులో ప్లాట్‌ఫాం కట్టేవాళ్లూ ఇదే చెయ్యాలి.

అన్నట్టు, అరకు మీదుగా పోయే కేకే (కొత్తవలస–కిరండూల్) లైనులో 58 సొరంగాలున్నాయి గానీ మీ బల్ల మీద రెండు మించితే రైలు కనిపించే సమయం తగ్గిపోతుంది. కరెంటు తీగలు కూడా వేసే ఆలోచన ఉంటే పట్టా పైనుంచి 70 మి.మీ. ఎత్తు వదలండి. కొండ వెనకవైపు చెయ్యి దూరేంత కంత తప్పనిసరి. పట్టా తప్పిన పెట్టెని బయటికి తీయడానికి కొండని కోసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

థర్మాకోల్ కొండ మీద స్ప్రే పెయింట్ కొట్టగానే గుంటలు పడి కరిగిపోయింది. – ఒక పాఠకుడు, గుంతకల్లు

స్ప్రే డబ్బాలోని సాల్వెంటు థర్మాకోల్‌ని తినేస్తుంది. ఫెవిక్విక్, ఫెవిబాండ్ కూడా అంతే. ఫెవికాల్, నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులే వాడాలి. ఇప్పుడు పడ్డ గుంటల్ని పూడ్చకండి, రాతి కొండకి అవి పనికొస్తాయి. వాటి మీదే ప్లాస్టర్ పొర వెయ్యండి.

మందుల షాపులో విరిగిన ఎముకలకి వాడే ప్లాస్టర్ బ్యాండేజీ చుట్ట అడగండి. 15 సెం.మీ. ముక్కలు కోసి, ఒక్కోదాన్ని రెండు సెకన్లు నీళ్లలో ముంచి, ముందు ముక్క మీద సగం ఎక్కేలా పరవండి. రెండు పొరలు చాలు. దాని మీద పూయడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు. నీళ్లలో ప్లాస్టర్ పొయ్యాలి గానీ ప్లాస్టర్‌లో నీళ్లు పొయ్యకూడదు, ఉండలు కడుతుంది. ఈ ముద్దలోనే గచ్చుకి వాడే రెడ్ ఆక్సైడ్ పొడి చిటికెడు కలపండి. రేపు ఎక్కడైనా పెచ్చు ఊడినా తెల్లగా పళ్లు ఇకిలించదు. ఎక్కువ వేస్తే కొండ ఇటుకల బట్టీ రంగులోకి పోతుంది, జాగ్రత్త.

తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. గాలివానకి అది ఎరుపు, గోధుమ కలిసిన రంగుకి తిరుగుతుంది. రాళ్ల ముఖం కోసం అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి, సగం విప్పి, దాంట్లో ప్లాస్టర్ పోసి ఆరాక ఒలవండి. ముందు లేత గోధుమ రంగు మొత్తం పూసి, ఆరాక ఒక పాలు నల్లరంగుకి పది పాళ్లు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పారించండి. సందుల్లోకి నలుపు తనే దిగుతుంది. చివరగా దాదాపు ఆరిపోయిన బ్రష్‌కి లేత రంగు అంటించి మొనల మీద మాత్రం ఆడించండి.

పట్టాల మధ్య కంకరకి ఏం వాడాలి? ఇసుక పోసి ఫెవికాల్ వేస్తే గుంటలు పడ్డాయి, పైగా తెల్లటి పొర కట్టింది. – ఒక పాఠకుడు, డోన్

రైల్వే కంకర రాయి 50–65 మి.మీ. ఉంటుంది. హెచ్ఓలో అది 0.6 నుంచి 0.75 మి.మీ. ఏటి ఇసుక గుండ్రంగా, పచ్చగా ఉంటుంది కాబట్టి కంకరలా కనిపించదు. క్రషర్ల దగ్గర దొరికే రోబో శాండ్ వాడండి. అది కూడా పగలగొట్టిన రాయే, కోణాలు ఉంటాయి. ముందు టీ వడపోసే జాలీలో జల్లించి, జాలీ మీద నిలిచిన లావు రాళ్లని పక్కన పెట్టండి. కింద పడ్డదాన్ని నీళ్లు తేటపడేదాకా కడిగి ఆరబెట్టండి. మీకు కట్టిన తెల్లపొర, కడగని ఇసుకలోని దుమ్ము ఫెవికాల్‌తో కలిసి తేలడం వల్ల వచ్చింది. ఆరాక ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి ఇసుక మీద రెండు మూడు సార్లు తిప్పండి. నల్లటి రవ్వలు అంటుకుంటాయి. వాటిని వదిలేస్తే ఇంజను మోటారు అయస్కాంతం లాక్కుంటుంది, అవి గేర్లలో ఇరుక్కుంటాయి.

కంకర పోసి, స్లీపర్ల పైకి రాకుండా మెత్తటి బ్రష్‌తో సర్దాలి. అతికించేది ఆ తర్వాత. ఎండు కంకర మీద ఫెవికాల్ నీళ్ల చుక్క పడితే అది గోలీలా నిలబడి, రాళ్లని మోసుకుని పక్కకి దొర్లుతుంది. మీ గుంటలకి కారణం అదే. గ్లాసు నీళ్లకి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, స్ప్రే సీసాతో కాస్త దూరం నుంచి మంచులా కొట్టి ముందు బాగా తడపండి. తర్వాత ఒక పాలు ఫెవికాల్, మూడు పాళ్లు నీళ్లు కలిపి, సూది తీసేసిన సిరంజితో స్లీపర్ల మధ్య వదలండి. ఒక రోజంతా ఆరనివ్వండి.

పాయింట్ల (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోటు) దగ్గర కదిలే బ్లేడ్ల కింద కంకర వద్దు. అక్కడ స్లీపర్ల మధ్య ముదురు బూడిద రంగు పూసి, పైన పల్చగా చల్లితే చాలు. ఒక్క రవ్వ బ్లేడుకీ పట్టాకీ మధ్య ఇరుక్కున్నా చక్రం ఎక్కి పడిపోతుంది. పని అయ్యాక పట్టా తలలు, లోపలి అంచులు కూడా తుడవండి. అక్కడ ఎండిన ఫెవికాల్ పొర కంటికి కనపడదు గానీ ఇంజను తడబడుతుంది.

అరకు అంటే చెట్లే కదా. సులువుగా ఎలా చెయ్యాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

అరకు కాఫీ తోటలకి నీడనిచ్చేది ఎక్కువగా సిల్వర్ ఓక్. నిటారుగా, సన్నగా పెరుగుతుంది, వాటికి మిరియాల తీగ పాకిస్తారు. 20 మీటర్ల చెట్టు హెచ్ఓలో 23 సెం.మీ. అంత పెడితే కొండ చిన్నదైపోతుంది కాబట్టి ముందువైపు 14, వెనకవైపు 8–9 సెం.మీ. చాలు. మామూలు కరెంటు వైరు తొక్క తీసి, 20–25 రాగి పోగులు పురి తిప్పి, పైకి పోయేకొద్దీ రెండేసి పోగులు పక్కకి విప్పండి. కాండానికి ఫెవికాల్, చెక్కపొట్టు కలిపిన ముద్ద పూసి, బూడిద రంగు వెయ్యండి. ఆకులకి పాత స్పాంజిని మిక్సీలో నీళ్లతో తిప్పి, పిండి, రంగులో నానబెట్టి ఆరబెట్టండి. ఒకే ఆకుపచ్చ వద్దు, కనీసం మూడు ఛాయలు కలపండి. మిరియాల తీగకి అదే పొడిని కింది సగం కాండానికి దట్టంగా అద్దండి.

మైదానంలో లైను వేసేవాళ్లకి తాటిచెట్టు: పుల్ల కాండం, పైన 15 మి.మీ. వెడల్పు విసనకర్ర ఆకారంలో కోసిన కాగితపు ఆకులు పాతిక. కింది వరస ఎండిపోయి వేలాడేలా గోధుమ రంగులో వెయ్యకపోతే తాటిచెట్టులా కనిపించదు.

గడ్డికి కొబ్బరి పీచు కత్తిరించి వాడాను. బూజు పట్టింది, మైదా జిగురుతో చేసిన కాగితపు గుట్టకి పురుగు పట్టింది. – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

పీచునీ, చెక్కపొట్టునీ రెండు రోజులు గట్టి ఎండలో పెట్టి, ఫెవికాల్‌తోనే అతికించండి. మైదా వాడక తప్పదంటే, పుస్తకాల బైండింగువాళ్లు కలిపినట్టు ఉడుకుతున్న జిగురులో మైలుతుత్తం చిటికెడు వెయ్యండి. అది విషం. వంట గిన్నెలో కాయకండి, పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి. పట్టాలకి తగలనివ్వొద్దు, లోహాన్ని తింటుంది. బూజు పట్టిన గడ్డిని తుడిచి ఉంచకండి, గీకి పారెయ్యండి.

స్టేషనులో బల్బులు వెలిగిస్తే గోడలే వెలుగుతున్నాయి. – అదే పాఠకుడు

తెల్ల సన్‌బోర్డ్ లోంచి వెలుతురు దాటుతుంది. లోపలివైపు ముందు నలుపు, ఆరాక దాని మీద తెలుపు పూయండి. 12 వోల్టుల మీద ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సుమారు 9 మిల్లీయాంపులు పారుతుంది. ఇంకా ఎక్కువ వెలుగనిపిస్తే 4700 ఓమ్‌లది వెయ్యండి. పైకప్పుని అతికించకుండా ఊడేలా ఉంచండి, ఎల్‌ఈడీ పోతే మార్చాలి కదా.