షుగర్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, చేయనివ్వమంటారా?

నరసరావుపేట నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్లమ్మాయి ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటొచ్చేంత మార్కులు రాలేదు, లాంగ్ టర్మ్‌లో చేరమంటే చేరనని మొండికేసింది. "డాక్టర్ని కాను, షుగర్ మీద రీసెర్చ్ చేస్తా" అంటోందట. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్. అడిగినవి రెండు ప్రశ్నలు. డాక్టర్ కాకుండా ఆ లైన్లో బతుకుతెరువు ఉంటుందా? రెండోది, కొత్తగా వచ్చిన ఇంజెక్షన్లతో పదేళ్లలో షుగర్ జబ్బే ఉండదని ఎవరో చెప్పారట, అప్పుడు ఈ పిల్ల చదువు గంగలో కలిసినట్టేనా?

సార్, రెండోదానికి ముందు చెప్తాను, అది తేలిక. షుగర్ ఎక్కడికీ పోవడం లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి దేశమంతా చేసిన సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఇంకా రాలేదు గానీ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. నాలుగేళ్లుగా నేనూ ఆ మొదటి లెక్కలో ఉన్నవాణ్ణే లెండి.

ఇక ఆ ఇంజెక్షన్లు. మనం అన్నం తినగానే పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఊరుతుంది, అది ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఆకలి తగ్గిస్తుంది. చిక్కేమిటంటే రెండు నిమిషాల్లోనే రక్తంలో ఆ హార్మోన్ సగానికి తగ్గిపోతుంది. ఆ రెండు నిమిషాల వ్యవహారాన్ని వారానికొక్కసారి పొడుచుకుంటే సరిపోయే మందుగా మార్చడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. మధ్యలో గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో అలాంటిదే, కాస్త ఎక్కువసేపు నిలిచేది దొరికింది, దాన్నుంచి 2005లో ఎక్సెనటైడ్ అనే మొదటి మందు వచ్చింది. తర్వాతి వాళ్లు ఈ హార్మోన్‌నే కొద్దిగా మార్చి, దానికొక కొవ్వు గొలుసు తగిలించి, రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని తిరిగేలా చేశారు, అదే ఇప్పుడు అందరి నోటా నానుతున్న సెమాగ్లుటైడ్. ఇదంతా కెమిస్ట్రీ సార్. 2024లో అమెరికాలో ఈ పనికి వైద్య పరిశోధనలకిచ్చే లాస్కర్ అవార్డు ముగ్గురికి ఇచ్చారు. వాళ్లలో జోయెల్ హబెనర్ డాక్టరే, స్వెత్లానా మొయ్‌సోవ్ మాత్రం కెమిస్ట్, లొట్టె బ్యెర్రె క్నూడ్సన్ డెన్మార్క్‌లో బయోటెక్నాలజీ చదివి మందుల కంపెనీలో చేరినావిడ. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది.

మరి జబ్బు పోతుందా అంటే, వాడినన్నాళ్లు బాగానే పనిచేస్తాయి. మౌంజారో పేరుతో 2025 మార్చిలో మన దేశానికొచ్చిన టిర్జెపటైడ్ అనే మరో ఇంజెక్షన్‌తో, షుగర్ లేని లావుపాటివాళ్ల మీద చేసిన ట్రయల్‌లో, పెద్ద డోసు తీసుకున్నవాళ్లు 72 వారాల్లో సగటున ఐదో వంతు బరువు తగ్గారు. కానీ సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు మళ్లీ వచ్చి కూర్చుంది. పైగా పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కొంత పోతుంది. మనవాళ్లకు కండ ఉన్నదే తక్కువ. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో తన ఫొటో, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ ఫొటో పక్కపక్కన వేసి ఒక పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) అచ్చంగా 22.3, ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నగానే కనిపిస్తాం, లోపల కథ వేరు. ఇలాంటి ఒంటికి ఈ మందు ఎంత డోసులో ఇవ్వాలి, కండ పోకుండా ఏం తినిపించాలి, ఎవరికి అసలు అక్కర్లేదు, ఇవన్నీ మనవాళ్ల మీద పనిచేసి తేల్చాల్సినవే. అమెరికా ట్రయల్ చూసి గుడ్డిగా కాపీ కొట్టే పని కాదు.

తిండి తగ్గించి ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు, బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ జరిగింది. రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారం మీద మూడు నుంచి ఐదు నెలలు ఉంచితే, ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందుల్లేకుండా షుగర్‌ను జబ్బు స్థాయికి కిందే ఉంచుకోగలిగారు. వాళ్లంతా లావుగా ఉన్నవాళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు. పన్నెండేళ్ల షుగర్ ఉన్న మీలాంటివాళ్ల సంగతి వేరు, కాబట్టి ఇది చదివి రేపట్నుంచి అన్నం మానేయకండి! 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ ట్రయల్ అయితే డాక్టర్ల ఆలోచననే మార్చేసింది, షుగర్ తగ్గించడానికి చేసిన మాత్ర గుండె జబ్బు మరణాలను 38 శాతం తగ్గించింది, అందుకే ఇప్పుడు మంచి డాక్టర్లు మీ షుగర్ నంబరుతో పాటు గుండె, కిడ్నీల గురించి కూడా అడుగుతారు. ఎక్కువగా చిన్నవయసులో వచ్చే టైప్ 1లో, ల్యాబ్‌లో మూలకణాల నుంచి పెంచిన ఇన్సులిన్ కణాలను ఎక్కిస్తే 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేకపోయిందని 2025లో వచ్చింది, కాకపోతే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. మన పక్కనే వేలూరు సీఎంసీ డాక్టర్లు ఏళ్ల తరబడి వాదించిన ఒక సంగతి ఉంది, చిన్నప్పుడు సరైన తిండి లేక బక్కచిక్కినవాళ్లకు వచ్చే షుగర్ వేరే రకమని. 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ దానికి టైప్ 5 అని పేరు పెట్టింది. ఇన్సులిన్ కనిపెట్టి వందేళ్లు దాటాక కూడా రకాల దగ్గరే ఇంకా లెక్క తేలలేదు, మీరేమో పని అయిపోతుందని బెంగపడుతున్నారు.

ఇప్పుడు బతుకుతెరువు. మీ అమ్మాయిని నేను అడిగే మొదటి ప్రశ్న: నీకు నిజంగా రీసెర్చ్ కావాలా, లేక నీట్ పుస్తకాల మొహం ఇంకో ఏడాది చూడలేకా? రెండోదైనా తప్పేం లేదు, కానీ తెలియాలి. ఎందుకంటే రీసెర్చ్ తక్కువ టెన్షన్ ఉన్న దారి కాదు, టెన్షన్ ఆలస్యంగా వచ్చే దారి.

ఆ దారి ఇలా ఉంటుంది. ఐసర్‌లనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థల్లో ఐదేళ్ల బీఎస్ ఎంఎస్, మీకు దగ్గర్లో తిరుపతిలోనే ఉంది, ఐఏటీ అనే పరీక్ష రాయాలి, బైపీసీ వాళ్లూ రాయొచ్చు, కాకపోతే అందులో మ్యాథ్స్ ప్రశ్నలూ ఉంటాయి. లేదా మామూలు బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ. ఆపైన నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) కొట్టి పీహెచ్‌డీ, మరో ఐదారేళ్లు. ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. అంటే ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్ల దాకా అమ్మాయి తన ఖర్చు తాను చూసుకుంటుంది గానీ ఇంటికి పంపేంత మిగలదు. ఈలోపు "పెళ్లెప్పుడు" అని చుట్టాలు అడుగుతారు, దానికి మీరు సిద్ధంగా ఉండాలి, ఆమె కాదు. పీహెచ్‌డీ తర్వాత పర్మనెంట్ సైంటిస్ట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, చాలామంది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం విదేశాలకు వెళ్తారు. ఇదంతా దాచి "సూపర్ ఫ్యూచర్ సార్" అని చెప్పేవాళ్లను నమ్మకండి.

హైదరాబాద్‌లో హబ్సిగూడలోని సీసీఎంబీ అనే కేంద్ర ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థలో షుగర్ జన్యువుల మీద పని జరిగింది, దానికి కూతవేటు దూరంలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి లాంటి జబ్బుల కోసం పుట్టింది, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, తిండి చాలక వచ్చే జబ్బులతో మొదలై ఇప్పుడు తిండి ఎక్కువై వచ్చేవాటిని కూడా చూస్తోంది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది, తిండి వైపు ఆసక్తి ఉంటే అది మంచి చోటు. డైటీషియన్‌గా మొదటి మూడు నాలుగేళ్లు జీతం చిన్నదే.

డబ్బు త్వరగా కావాలంటే మందుల కంపెనీల వైపు చూడండి. ఈఏపీసెట్‌తో బీఫార్మసీ, తర్వాత ఫార్మసీ పీజీ పరీక్ష జీప్యాట్, నైపర్ సొంత ప్రవేశ పరీక్ష రాసి బాలానగర్‌లోని నైపర్ అనే కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థ లాంటి చోట పీజీ. సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చి వరకే, ఆ మందును చవగ్గా చేయడానికి మన కంపెనీలు ముందునుంచీ కాచుకుని ఉన్నాయి, హైదరాబాద్ కంపెనీలతో సహా. ఇలాంటి పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ లాంటి) మందును చెడకుండా పెన్నులో నింపడం, ఫ్రిజ్ చల్లదనం తప్పకుండా పల్లెటూరి మెడికల్ షాపు దాకా చేర్చడం మాత్రలు గుద్దినంత సులువు కాదు, ఆ పని తెలిసినవాళ్లకు గిరాకీ ఉంటుంది. ఇంకొకటి, బైపీసీ పిల్లలు అస్సలు పట్టించుకోనిది, బయోస్టాటిస్టిక్స్. ట్రయల్స్ డేటా విడదీసి చెప్పేవాళ్లు ప్రతిచోటా కావాలి, హైదరాబాద్‌లో ఆ ఆఫీసులు చాలానే ఉన్నాయి. ఏ దారిన వెళ్లినా లెక్కలంటే పారిపోకూడదని అమ్మాయికి నా మాటగా చెప్పండి.

ఒక్క హెచ్చరిక. "డయాబెటిస్ కేర్", "క్లినికల్ రీసెర్చ్" అని డిగ్రీ పేరులోనే జబ్బునో ఉద్యోగాన్నో తగిలించి లక్షలు వసూలు చేసే కోర్సులు ఉన్నాయి. పదిహేడేళ్లకే అంత సన్నటి దారిలో దూరకూడదు. కెమిస్ట్రీ, బయాలజీ, కుదిరితే స్టాటిస్టిక్స్ ఉన్న వెడల్పాటి డిగ్రీ ఏ మంచి ప్రభుత్వ కాలేజీలో దొరికినా దానికన్నా మేలు. ఈసారి ఐఏటీ తప్పిపోయి ఉంటే డిగ్రీలో చేరి వచ్చే ఏడాది మళ్లీ రాయొచ్చు.

డాక్టర్ దారి మూసేయమని కూడా నేననను. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) డీఎం ఇంకో మూడు. పేషెంట్లతో మాట్లాడటం ఇష్టమైన పిల్లకు ఆ పదకొండున్నరేళ్లు బరువనిపించదు. ఇష్టం లేని పిల్లకు మొదటి ఏడాదే బరువు.

ఏది ఇష్టమో తెలుసుకోవడానికి కౌన్సెలింగ్ ఫీజు అక్కర్లేదు. మీ ఇంట్లో షుగర్ మిషన్ ఉండే ఉంటుంది. రెండు వారాలు మీ రీడింగులు రాసే పని అమ్మాయికి అప్పగించండి, పరగడుపున ఒకటి, తిన్న రెండు గంటలకు ఒకటి, ఏం తిన్నారో ఎంత నడిచారో పక్కన. మందులు మాత్రం మీ డాక్టర్ చెప్పినట్టే, ఒక్క మాత్ర కూడా అటూ ఇటూ చేయొద్దు. "పెసరట్టు రోజు కంటే ఇడ్లీ రోజు ఎందుకు పెరిగింది, రాత్రి ఏమీ తినకుండానే పొద్దున్నే ఎందుకు ఎక్కువుంది" అని మిమ్మల్ని విసిగించిందనుకోండి, తిరుపతి ఐసర్ గురించి ఆలోచించండి. మీ పళ్లెంలోంచి అన్నం తీసేసి, సాయంత్రం వాకింగ్‌కు లాక్కెళ్లి, పక్కింటి షుగర్ పేషెంటుకు కూడా క్లాసు పీకితే ఆమె మనుషుల మధ్య పనిచేయాల్సిన పిల్ల, డైటీషియనో డాక్టరో, అప్పుడు లాంగ్ టర్మ్ గురించి ఆమే మళ్లీ ఎత్తుతుందేమో. రీడింగులన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి గ్రాఫు గీసిందా, స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీ వెతకండి. నాలుగో రోజుకే పుస్తకం మూలన పడితే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, తిట్టకుండా.